"పిలగాడు లేస్తడా?" అని అడిగిన తల్లికి ఏం చెప్పాలి

హనుమకొండకు దగ్గరలోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక ఉపాధ్యాయుడు రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు కనుక వాటిని తీసివేసి, విషయాన్ని కుదించి ఇస్తున్నాను.

ఆయనకు 53 ఏళ్లు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తారు. పుట్టింది హిందూ కుటుంబంలో. క్రైస్తవ కుటుంబానికి చెందిన సహోద్యోగినిని ఇష్టపడి, పెళ్లికి ముందు బాప్తిస్మం తీసుకున్నారు. "పెళ్లి కోసమే తీసుకున్నానని అందరూ అన్నారు. మొదట్లో అది నిజమే కావచ్చు, కానీ తరువాతి 27 ఏళ్లలో ఆ విశ్వాసం నాదయింది" అని రాశారు. తండ్రి పోయిన తరువాత తల్లి నర్సంపేట వైపు ఉన్న పల్లెను వదిలి వీరి ఇంటికే వచ్చారు. ఆమె మతం మారలేదు, మారమని వీరూ అడగలేదు. ఈ దంపతుల ఒక్కగానొక్క కొడుకు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నవాడు, గత ఆగస్టులో మోటారు సైకిలు ప్రమాదంలో చనిపోయాడు. సంఘానికి చెందిన సమాధుల స్థలంలోనే భూస్థాపన జరిగింది.

ఏటా ఈస్టరు నాడు తెల్లవారుజామున అదే సమాధుల మధ్య జరిగే ఆరాధనలో పునరుత్థాన వాక్యభాగాన్ని చదివేది ఈయనే. పద్నాలుగేళ్లుగా చదువుతున్నారు. ఈసారీ మీరే చదవాలని పాస్టరు గారు అడిగితే అలవాటుగా సరేనన్నారు, ఆ రాత్రి నుంచి నిద్ర లేదు. ఆదరణ కూడికలో ఒక సంఘ పెద్ద "విశ్వాసి ఇట్ల ఏడువకూడదు, అది అవిశ్వాసం" అన్నప్పటి నుంచి ఈయన నలుగురిలో కన్నీరు పెట్టలేదు. భార్య మాత్రం స్థిరంగా కనిపిస్తారు. పాటలు పాడతారు, సమాధికి రాయి చెక్కించారు, "వాడు ప్రభువు దగ్గర ఉన్నాడు" అని ఒక్క మాట చెప్పి సంభాషణ ముగిస్తారు. తల్లి పెత్రమాసకు (పితృ అమావాస్యకు) మనవడి పేరున బియ్యం ఇస్తానన్నారు. సంఘంలో మాట వస్తుందని కొడుకు వద్దంటే మారు మాట్లాడకుండా ఊరుకున్నారు. పోయిన నెలలో ఒకరోజు ఆమె ఈయన పక్కన కూర్చొని, "పండుగ పొద్దు నువ్వు సదివేది గదే గదా కొడుకా, సచ్చినాయన లేసిండని. మరి మన పిలగాడు లేస్తడా?" అని అడిగారు. ఈయన లేచి బయటికి వెళ్లిపోయారు.

ఆయన ప్రశ్నలు ఇవి: నమ్మకం లేని నోటితో ఆ వాక్యం చదవడం కపటం కాదా? నా విశ్వాసం పోయినట్టేనా? ఈసారి తానూ బొందలగడ్డకు వస్తానని, కొబ్బరికాయ, ఊదుబత్తులు తెస్తానని అంటున్న అమ్మకు ఏమని చెప్పాలి?

సోదరా,

మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. మీ మూడు ప్రశ్నల్లో మొదటిదే అన్నిటికన్నా పెద్దదని మీరు అనుకుంటున్నారు. నాకు మాత్రం మీ అమ్మగారు అడిగిందే అసలు ప్రశ్న అనిపిస్తున్నది. ఇరవై ఏడేళ్లుగా మీరు వింటున్న ప్రసంగాల్లో చాలావాటికన్నా ఆమె ప్రశ్న ఈస్టరుకు దగ్గరగా ఉంది. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

మీ అబ్బాయిని కాలేజీ బస్సుకు రోజూ నిద్ర లేపింది నాయనమ్మేనని ఉత్తరంలో ఒకచోట రాశారు. ఆ వాక్యాన్ని మీరు అలవోకగా రాసి ముందుకు వెళ్లిపోయారు, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. సువార్తలు గ్రీకు భాషలో రాసినవి. మార్కు సువార్తలో, ఖాళీ సమాధి దగ్గర, "ఆయన లేచియున్నాడు" అనే చోట ఉన్నది ఏదో ప్రత్యేకంగా పుట్టించిన మతపరమైన పదం కాదు, నిద్రపోతున్న మనిషిని లేపేటప్పుడు వాడే మామూలు మాట. తుపానులో పడవలో నిద్రపోతున్న యేసును శిష్యులు లేపినప్పుడు ఆ సువార్తలో ఉన్నది ఆ క్రియే. జ్వరంతో పడుకున్న పేతురు అత్తను చెయ్యి పట్టి లేపినప్పుడూ అదే. చనిపోయిన పన్నెండేళ్ల పిల్ల చెయ్యి పట్టుకొని "చిన్నదానా, లెమ్ము" అన్నప్పుడూ అదే. సమాధుల స్థలానికి గ్రీకులో క్రైస్తవులు వాడిన పేరుకు అర్థం కూడా నిద్రించే చోటు అనే. మన సమాధి రాళ్ల మీద "ప్రభువునందు నిద్రించెను" అని చెక్కించడం మర్యాద కోసం మొదలైన అలవాటు కాదు, దాని వెనుక ఈ నమ్మకం ఉంది. కనుక "పిలగాడు లేస్తడా?" అని అడిగినప్పుడు మీ అమ్మగారు తనకు తెలియకుండానే సువార్తికుడు వాడిన మాటే వాడారు. పొద్దున్నే వాడిని లేపిన మనిషికి ఆ ప్రశ్న అడిగే హక్కు మీకూ నాకూ ఉన్నదానికన్నా ఎక్కువే ఉంది.

ఆమె అడిగినది పునర్జన్మ గురించి కాదని కూడా గమనించండి. మన పల్లెల్లో పోయినవారు మళ్లీ ఇంట్లోనే పుడతారని చెప్పుకొని ఊరట పొందేవారు చాలామంది, ఆ ఊరటను నేను చిన్నచూపు చూడను. కానీ ఆమె "మళ్ల పుడతడా" అనలేదు. ఆమెకు కావలసింది ఇంకొక పిల్లవాడు కాదు, ఆ పిల్లవాడే. క్రైస్తవ విశ్వాసం పునరుత్థానం అని చెప్పేది సరిగ్గా దీన్నే. లేచినవాడు ఆ మనిషే, ఆ పేరుతోనే. తోటమాలి అనుకొని మాట్లాడుతున్న మగ్దలేనే మరియ ఆయనను గుర్తుపట్టింది ఆయన తన పేరు పెట్టి పిలిచినప్పుడు. గాయాలు చూస్తేనే నమ్ముతానన్న శిష్యుడు తోమా ముందు నిలబడినప్పుడు ఆ చేతుల్లో మేకుల గాయాలు అలాగే ఉన్నాయి. మరణాన్ని జయించిన దేహం మీద గాయాలు ఎందుకు మిగలాలి అని నేను చాలాకాలం ఆలోచించాను. జరిగినదాన్ని జరగనట్టు తుడిచివేయడం కాదు పునరుత్థానమంటే అని మాత్రం నాకు అర్థమయింది. మీ అబ్బాయి చావు జరగలేదని నటించమని ఈస్టరు మిమ్మల్ని అడగదు.

ఇప్పుడు కపటం సంగతి. మొదటి ఈస్టరు నాడు సమాధి దగ్గరకు నమ్మకంతో వెళ్లినవారు ఒక్కరూ లేరు. స్త్రీలు వెళ్లింది శవానికి సుగంధ ద్రవ్యాలు పూయడానికి, అంటే చనిపోయాడని పూర్తిగా ఒప్పుకొని. వారు వచ్చి చెప్పిన మాటలు అపొస్తలులకు వెర్రిమాటల్లా తోచాయని లూకా దాచకుండా రాశాడు. ఎమ్మాయు అనే ఊరి దారిలో నడిచిన ఇద్దరు శిష్యులూ తమ ఆశను గతించిన విషయంగా చెప్పుకున్నారు, ఆయనే విమోచకుడని అనుకున్నాం అన్నారు. గలిలయలోని కొండ మీద, లేచినవాడిని కళ్లారా చూస్తూ కూడా కొందరు సందేహించారని మత్తయి రాశాడు. మార్కు సువార్త సంగతి మరీ చిత్రం. 4వ శతాబ్దానికి చెందిన రెండు ముఖ్యమైన ప్రాచీన ప్రతుల్లో అది 16వ అధ్యాయం 8వ వచనంతోనే ముగుస్తుంది. స్త్రీలు వణుకుతూ పారిపోయారు, భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. అంతే. తరువాతి వచనాలు చాలా ప్రతుల్లో ఉన్నాయి, మన బైబిల్లోనూ ఉన్నాయి, కానీ పాత ప్రతుల్లోని ఆ ముగింపు దగ్గర నిలబడి చూస్తే, లేచి బయటికి వెళ్లిపోయిన మీరు ఆ స్త్రీల నుంచి ఎంతో దూరంలో లేరు.

మెదక్ చర్చికి మీరు వెళ్లే ఉంటారు. 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠించిన ఆ మందిరంలో మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి: పుట్టుక, సిలువ, ఆరోహణం. ఆయన లేచిన ఘడియకు అక్కడ కిటికీ లేదు. కిటికీలు చేయించినవారి ఉద్దేశం ఏమైనా, ఆ లోటు నాకు సరైనదిగానే తోస్తుంది. నాలుగు సువార్తల్లో ఏ ఒక్కటీ ఆ ఘడియను వర్ణించలేదు. ఎవరూ చూడలేదు. చీకట్లో, సాక్షి లేకుండా జరిగిపోయిన తరువాతనే మనుషులు అక్కడికి చేరుకున్నారు, అదీ ఒక్కొక్కరు ఒక్కో వేళకు. మీ భార్య మీకన్నా ముందు చేరుకున్నారేమో. తోమా ఎనిమిది రోజులు ఆలస్యంగా చేరుకున్నాడు. ఆ ఎనిమిది రోజులూ మిగతావారు అతణ్ని బయటికి పంపలేదన్నది నాకు ఆ కథలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి.

అయితే, నమ్మినా నమ్మకపోయినా ఒకటే అని మీకు చెప్పలేను, అది అబద్ధమవుతుంది. క్రీస్తు లేవకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసం వ్యర్థం అని అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన మాటకు మెత్తని అర్థం చెప్పడానికి వీలు లేదు. మన ఊళ్లలో నక్షత్రాలు కట్టి క్రిస్మసును పెద్ద పండుగ చేస్తాం, కానీ డిసెంబరు 25న ఆ పండుగ జరిపినట్టు దొరికే తొలి ఆధారం 4వ శతాబ్దానిది. ఈస్టరును ఏ రోజున జరపాలన్న వాదన 2వ శతాబ్దంలోనే సంఘాల మధ్య గట్టిగా నడిచింది. 325లో సంఘ నాయకుల నికేయ సభ కూర్చొన్నప్పుడు తేల్చిన విషయాల్లో అదొకటి. శనివారం విశ్రాంతిదినంగా పాటించిన యూదుల్లోంచి వచ్చిన మొదటి విశ్వాసులు ఆదివారం కూడుకోవడం మొదలుపెట్టిందే ఆ లేచిన రోజును బట్టి. కనుక మీరు వేయి ఆదివారాలకు పైగా వెళ్లినది ఈ ఒక్క వార్త కోసమే. అది మీకు పెద్ద విషయం కాబట్టే నోరు పెగలడం లేదు. పట్టనివాడు ఏ ఇబ్బందీ లేకుండా చదివేసి ఇంటికి వెళ్లేవాడు.

పౌలు ఆ మాట ఎవరికి రాశాడో కూడా చూడాలి. బయటివారికి కాదు. మృతుల పునరుత్థానం లేదని మీలో కొందరు అంటున్నారేమిటని, సంఘంలోనే ఉన్నవారిని ఉద్దేశించి, సుమారు క్రీ.శ. 55లో, సిలువ జరిగి పాతికేళ్లు అటూ ఇటూ అయిన రోజుల్లో రాశాడు. చూసినవారిలో చాలామంది ఇంకా బతికే ఉన్నారని చెప్పిన అదే ఉత్తరంలో, చూసినవారు ఉండగానే నమ్మలేకపోతున్న విశ్వాసులు కనిపిస్తారు. ఆయన వారిని వెలివేయలేదు, కూర్చోబెట్టి ఒక పొడవాటి అధ్యాయమంతా వాదించాడు. మీ విశ్వాసం పోయిందా అని అడిగారు. నాకు కనిపిస్తున్నది పోయిన విశ్వాసం కాదు, దెబ్బ తిన్న విశ్వాసం. ఈ రెండింటికీ తేడా ఉంది, కానీ ఆ తేడాను మీకు మీరే కాలక్రమంలో తెలుసుకోవాలి, నేను ఇక్కడ కూర్చొని తీర్పు చెప్పకూడదు.

ఆ సంఘ పెద్ద గారి మాట గురించి ఎక్కువ రాయను. చనిపోయిన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా, అతని సమాధి దగ్గరకు వెళ్లబోతూ యేసు ఏడ్చాడు. థెస్సలొనీకయులకు పౌలు రాసింది నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దని, అసలు దుఃఖమే పడవద్దని కాదు. ఆ పెద్దమనిషి మేలు కోరే అన్నారనుకుందాం, కానీ అన్నది తప్పు. ఏడు నెలలుగా మీరు ఆ తప్పును మోస్తున్నారు. ఇక దించండి.

ఆరాధనలో చదవడం గురించి మీ ముందు నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి.

ఒకటి, ఈ ఏడాది నేను చదవలేనని పాస్టరు గారికి చెప్పడం. దీనివల్ల వెంటనే ఊపిరి తీసుకోగలుగుతారు. కానీ చదవకపోవడం వేరు, రాకపోవడం వేరు. ఆ వేకువన మీ భార్య ఒంటరిగా ఆ సమాధి దగ్గర నిలబడితే ఆ దృశ్యం మీ ఇద్దరి మధ్య చాలాకాలం ఉండిపోతుంది. కనుక ఈ దారి ఎంచుకుంటే వెనుక వరుసలోనైనా నిలబడండి. అసలు కారణం చెప్పకుండా జలుబనో పనుందనో తప్పించుకుంటే వచ్చే ఏడాది మళ్లీ ఇదే రాత్రి ఎదురవుతుందని కూడా గుర్తుంచుకోండి.

రెండోది, ఎప్పటిలాగే చదవడం. సంఘారాధనలో వాక్యం చదివేవాడు తన గుండెలో ఎంత నమ్మకముందో కొలిచి చూపడం లేదు. ఆ నమ్మకం సంఘమంతటిదీ. ఒకడు మోయలేని రోజున పక్కవాడు మోస్తాడు, సంఘమని పేరు పెట్టుకున్నది అందుకే. ఈ అర్థంలో మీరు చదవడం కపటం కాదు. కానీ మీ మనసులో ఉన్నది ఒక్క మనిషికీ తెలియకుండా చదివితే, లోపల ఉన్నదానికీ బయట వినిపించేదానికీ మధ్య ఎడం పెరుగుతుంది, అది మిమ్మల్ని మెల్లగా ఆరాధనకే దూరం చేయవచ్చు. పాస్టరు గారికి గానీ, నమ్మకమైన ఒక్క స్నేహితునికి గానీ ముందే చెప్పి చదవండి.

మూడోది, పాస్టరు గారి అనుమతితో మార్కు 16వ అధ్యాయంలోని మొదటి ఎనిమిది వచనాలే చదివి ఆపడం. రాయి ఎవరు పొర్లిస్తారని అడుగుతూ నడిచిన స్త్రీలు, లేచాడన్న వార్త, వారి వణుకు, వారి మౌనం. అందులో మీరు నమ్మలేని మాట ఒకటి ఉండవచ్చు గానీ, మీరు ఎరుగని మాట ఒక్కటీ ఉండదు. మధ్యలో ఎందుకు ఆపారని కొందరు అడుగుతారు. మధ్యలో మీ గొంతు పూడుకుపోవచ్చు కూడా, అందుకని పుస్తకం అందుకొని కొనసాగించడానికి ఒకరిని పక్కన నిలబెట్టుకోండి. నన్నడిగితే నేను ఈ దారి వైపే మొగ్గుతాను, కానీ ఆ సమాధి మీ అబ్బాయిది, అక్కడ నిలబడవలసినవారు మీరు.

మీ భార్య గురించి మీరు రాసింది నాలుగే వాక్యాలు, అందులో కొంత అలక వినిపించింది. ఆమె పాడుతున్నారు కనుక ఆమెకు దుఃఖం తక్కువని అనుకోకండి. పాట ఆపితే నిలబడలేనని భయపడి పాడేవారిని నేను చూశాను. ఆమె చెప్పే ఆ ఒక్క మాటను వాదించి గెలవడానికి ప్రయత్నించవద్దు. "నాకు అట్లా అనడానికి నోరు రావడం లేదు" అని మీ సంగతి మాత్రం చెప్పి చూడండి. ఆమె నొచ్చుకోవచ్చు, ఒకటి రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. ఏడు నెలలుగా దాచుకున్నదేదో ఆమె కూడా బయటపెట్టవచ్చు. చెప్పకపోతే మాత్రం ఒకే ఇంట్లో ఇద్దరూ వేరువేరుగా ఏడుస్తూనే ఉంటారు.

రాత్రికి మూడు గంటలకు మించి నిద్ర పట్టడం లేదన్నారు. దాన్ని ప్రార్థనతోనే సరిచేసుకోవాలని పట్టుబట్టకండి, మానసిక వైద్యుని కలవండి. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ రాత్రే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ఇక మీ అమ్మగారు. ఆమె ప్రశ్నకు "అవును, లేస్తడు" అని ధైర్యంగా చెప్పగలిగితే చెప్పండి, కానీ మీకు లేని ధైర్యాన్ని ఆమె కోసం నటించవద్దు, కొడుకు గొంతును తల్లి ఇట్టే పసిగడుతుంది. "లేస్తడని మా నమ్మకం అవ్వా, ఎప్పుడో ఎట్లనో తెల్వది, నాకు ఒక్కోనాడు నమ్మబుద్ధైతలేదు" అని చెప్పినా అది అబద్ధం కాదు, విశ్వాసద్రోహమూ కాదు. ఎట్లా అని ఆమె అడిగితే పౌలు చెప్పిన పోలికే చాలు: నాటేది గింజ, లేచేది మొక్క, రెంటికీ రూపం వేరు, అయినా అది ఆ గింజదే. జీవితమంతా మక్కలు విత్తిన మనిషికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

కొబ్బరికాయ సంగతి పండుగ నాటి వేకువన, నలుగురి ముందు, గేటు దగ్గర తేల్చే విషయం కాకూడదు. ఆమెను రావద్దంటే గొడవ తప్పుతుంది, కానీ పెత్రమాస నాడు ఒకసారి మింగిన మాటను ఆమె చేత మళ్లీ మింగించినట్టవుతుంది. ఏమీ అనకుండా తీసుకెళ్తే ఎవరో ఒకరు అడ్డుచెప్పి, ఆమె అవమానంతో వెనుదిరగవచ్చు. పాస్టరు గారితో ముందే మాట్లాడితే ఆయన ఒప్పుకోవచ్చు, పూలు మాత్రమే తెమ్మనవచ్చు. ఏదైనా ఆమెకు మీ నోటితో ముందుగా తెలియాలి. ఇంకొక దారి కూడా ఉంది, అది శనివారం.

శుక్రవారం నుంచి ఆదివారానికి మనం తొందరగా దాటిపోతాం, మధ్యలో ఉన్న శనివారాన్ని సమాధులకు సున్నం వేసే రోజుగానే చూస్తాం. లూకా సువార్తలో ఆ రోజు ఏమీ జరగలేదు. ఆ స్త్రీలు ఆజ్ఞ ప్రకారం తీరికగా ఉన్నారని ఒక్క ముక్కలో రాశాడు. కొడుకు చనిపోయాడు, లేవలేదు, ఇంకా తెల్లారలేదు: మీరు ఏడు నెలలుగా ఉన్నది ఆ రోజులోనే. కనుక ఈస్టరు ముందు రోజు, శనివారం సాయంత్రం, ఎండ తగ్గాక, జనం పలచబడ్డాక, అమ్మగారిని తీసుకొని వెళ్లండి. మీ భార్యను కూడా పిలవండి, రాకపోతే బలవంతపెట్టకండి. సున్నం బకెట్టు మీరు పట్టుకొని కుంచె ఆమె చేతికివ్వండి. ఆమె వాడితో ఏమైనా మాట్లాడితే మాట్లాడనివ్వండి, పేరు పెట్టి పిలిచి లేవమంటే కూడా ఆపకండి.